టోర్డెన్‌లో ఎవరూ జారిపడరు

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలంటారు. ఆ మాటన్న పెద్దలెవరో టోర్డెన్ విశ్వవిద్యాలయంలో ఒక్క చలికాలమైనా గడిపి ఉండరు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న ఈ ఊళ్ళో నోరు జారడమనేది ఎవరి వంశంలోనూ లేదు. అందుకేనేమో, నోళ్ళ వంతు కూడా కాళ్ళే జారుతుంటాయి. నవంబరులో పడ్డ మంచు ఏప్రిల్ దాకా కదలదు. మధ్యలో ఒకరోజు బుద్ధిలేని వాన ఒకటి కురుస్తుంది. పొద్దుగూకేసరికి అది గడ్డకడుతుంది. తెల్లారి చూస్తే దారులన్నీ అద్దం పరిచినట్టుంటాయి. జనం పడతారు. వెల్లకిలా పడతారు, బోర్లా పడతారు, పుస్తకాలతో పడతారు, వాద్యాలతో పడతారు. కానీ అడిగి చూడండి, ఒక్కడూ పడలేదు. ఎవర్నడిగినా "ఫర్వాలేదు" అంటాడు. మోచెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నవాణ్ణి ఏమైంది బాబూ అంటే, కట్టుంటే చెయ్యి వెచ్చగా ఉంటుందని చెబుతాడు.

ఈ ఫర్వాలేదు జనంలో ఎల్డన్ హోవ్డే ఒక మెట్టు పైనే. విశ్వవిద్యాలయం నడకదారుల మీద మంచు తోయించడం, ఉప్పూ ఇసుకా చల్లించడం అతని పని. యాభై దాటాయి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే, ఎవరూ మూడుసార్లు అడగలేదు కనక.

ఈ మూడుసార్ల సంగతి ముందు తేల్చుకోవాలి. ఇక్కడ ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి "అబ్బే, వద్దు" అనాలి. రెండోసారి "నాకోసం మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగినప్పుడు మాత్రం "సరే, మీరు అంతగా అంటున్నారు గనక" అని పుచ్చుకోవాలి. మొదటి మాటకే సరేనన్నవాణ్ణి ఆబగాడంటారు. రెండో మాటకి సరేనన్నవాణ్ణి ఏమీ అనరు గాని, వాళ్ళమ్మ పెంపకం గురించి వారం రోజులు ఆలోచిస్తారు. కాఫీ అయినా ఇదే వరస, కిడ్నీ అయినా ఇదే వరస. మొహమాటానికి పోతే ఏదో అయిందని మొరటు సామెత ఒకటుంది చూడండి, అది పుట్టింది వేరే చోటైనా కాపురం పెట్టింది మాత్రం టోర్డెన్‌లోనే.

మూడేళ్ళ కిందట పైవాళ్ళకి నడకదారుల భద్రతాధికారి అని ఒక ఉద్యోగం పెట్టాలనిపించింది. ఊళ్ళోవాళ్ళు నలుగురు ఇంటర్వ్యూకి వచ్చారు. నలుగురూ తమకంటే బయట కూర్చున్నవాడే తగినవాడని చెప్పి వెళ్ళిపోయారు. అయిదో మనిషి ఒడెట్ తిబొడో. దక్షిణాన లూసియానా నుంచి వచ్చింది. ఆ ప్రాంతంలో ఐసు తియ్యటి టీ గ్లాసులో తప్ప ఎక్కడా కనపడదు. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఈ ఉద్యోగం నాకు కావాలి అంది. గదిలో అందరి మొహాలూ కందిపోయాయి. కావాలని మొహమ్మీదే చెప్పిన మనిషిని కాదనడం ఎలాగో ఆ కమిటీలో ఒక్కరికీ తెలీదు. ఇచ్చేశారు.

ఒడెట్ చేసిన మొదటి పని తను నడక నేర్చుకోవడం, రెండో పని ఊరికి నేర్పడం. కాళ్ళు ఎడంగా పెట్టి, పాదాలు కాస్త బయటికి తిప్పి, చేతులు జేబుల్లోంచి తీసి, చిన్న చిన్న అడుగులేస్తూ పెంగ్విన్‌లా నడవాలి. ఆవిడ చూస్తున్నంతసేపూ ప్రొఫెసర్లతో సహా అందరూ మర్యాదకి అలాగే నడిచేవాళ్ళు. మలుపు తిరగ్గానే మామూలుగా నడిచి పడేవాళ్ళు. పడినవాళ్ళు తనకి చెప్పండి, ఎక్కడ పడుతున్నారో తెలిస్తే అక్కడ పట్టుకోడానికి కమ్మీలు వేయిస్తాను, మెట్లు కట్టిస్తాను అని ఆవిడ మూడేళ్ళు మొత్తుకుంది. ఒక్కడు చెబితే ఒట్టు. ఎల్డన్ ఆవిడ కళ్ళముందే ఒకసారి ఉప్పు షెడ్డు గుమ్మంలో పల్టీ కొట్టి, కింద పడుకుని, షెడ్డు చూరు పరీక్ష చేస్తున్నానన్నాడు.

ఫలితం ఏమై ఉంటుందో మీరు ఊహించగలరు. పాలకమండలి కూర్చుని లెక్క చూసింది. మూడు చలికాలాలు, పడినవాళ్ళు సున్నా. ఇంత భద్రంగా ఉన్న దారులకి భద్రతాధికారి ఎందుకని ఉద్యోగం ఎత్తేశారు. విశ్వవిద్యాలయం ప్రెసిడెంట్ లుండీన్ స్వయంగా వచ్చి, మీరు మీ పని ఎంత బాగా చేశారంటే ఇక మీ అవసరం లేకుండా పోయిందని ఆవిణ్ణి మెచ్చుకుని చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి కట్టులో ఉంది.

ఇదంతా ఒడెట్ కష్టం. ఎల్డన్ కష్టం వేరే ఉంది. ఈ మూడేళ్ళూ పొద్దున్నే ఇద్దరూ ఉప్పు షెడ్డులో కలిసి ఆ రోజు దారుల సంగతి మాట్లాడుకునేవాళ్ళు. సోమవారం సోమవారం ఆవిడ వాళ్ళ ఊరి పద్ధతిలో ఎర్ర బీన్సూ అన్నమూ వండి డబ్బాలో తెచ్చేది. తింటావా అని అడిగేది. అబ్బే వద్దనేవాడు. సరేనని ఆవిడ రెండు వంతులూ తనే తినేసేది. ఎల్డన్ ఎదురుగా నిలబడి ఇసుక బస్తాలు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించేవాడు. ఆ ఘుమఘుమ సాయంత్రం దాకా అతని కోటుకి అంటుకుని ఉండేది. అలా మూడేళ్ళు. ఆవిడంటే తనకి ప్రాణమని ఎల్డన్‌కి తెలుసు. ఆవిడకి తెలుసో లేదో తెలీదు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు, కానీ టోర్డెన్‌లో అడిగే అమ్మలూ లేరు, అడిగే కొడుకులూ లేరు.

ఉద్యోగం పోయిందని తెలిసిన రోజు ఒడెట్ షెడ్డుకి వచ్చి, చేతి తొడుగులు తీసి బల్లమీద పెట్టి, సూటిగా అడిగింది.

"ఎల్డన్, నన్ను ఉండమంటావా? నువ్వు ఉండమంటే ఈ ఊళ్ళోనే వేరే పని చూసుకుంటాను. దేనికి ఉండమంటున్నావో నాకు తెలియాలి, అంతే."

ఎల్డన్ గుండె గంతులేసింది. జీవితంలో మొదటిసారి ఒక మనిషి అతన్ని ఇలాంటి మాట అడిగింది. అంత సంతోషంలోనూ పెంపకం గుర్తుంచుకుని, "అబ్బే, వద్దండీ" అన్నాడు.

ఆవిడ తొడుగులు తీసుకుని వెళ్ళిపోయింది. ఎల్డన్ ఆ వారమంతా ఈల వేసుకుంటూ ఇసుక చల్లించాడు. వారం తిరిగేసరికి వీడ్కోలు కాఫీ దగ్గర ఆవిడ మళ్ళీ పక్కకి పిలిచి, ఇంకొక్కసారి అడుగుతున్నాను, ఉండమంటావా వద్దా అంది. రెండోసారి. ఎల్డన్‌కి కాళ్ళు నేలమీద ఆనలేదు. నాకోసం మీకెందుకు శ్రమ అన్నాడు. అని ఇంటికి పోయి, అద్దం ముందు నిలబడి మూడో జవాబు సాధన చేశాడు. సరే, మీరు అంతగా అంటున్నారు గనక. మరీ తొందరపడ్డట్టు కాకుండా, అలాగని ఇష్టం లేనట్టూ కాకుండా, మధ్యస్థంగా.

ఆవిడ బుధవారం మధ్యాహ్నం బస్సుకి టికెట్టు కొనుక్కుందని తెలిసినప్పుడు కూడా అతను కంగారు పడలేదు. మూడోసారి బస్‌స్టాప్ దగ్గర అడుగుతుందన్నమాట, అనుకున్నాడు. అంత పెద్ద విషయానికి అదే తగిన చోటని కూడా అనిపించింది.

అందుకని బుధవారం పొద్దున ఎల్డన్ హోవ్డే, పాతికేళ్ళుగా పని రోజుల్లో ఇనప ముళ్ళున్న బూట్లు తప్ప తొడగని మనిషి, చర్చికి వేసుకెళ్ళే తోలు బూట్లు తీసి, నూనె రాసి, తళతళలాడించి తొడుక్కున్నాడు. ముందురోజు వాన కురిసింది. తెల్లవారుజామున గడ్డకట్టింది. పెద్ద హాలు నుంచి బస్‌స్టాప్‌కి దిగే వాలుదారి అద్దమై కూర్చుంది. ఇసుక చల్లాల్సిన బళ్ళు రెండూ పొద్దున్నే బయలుదేరాయి గాని, ఒకటి పై నుంచీ ఒకటి పక్కనుంచీ వచ్చి హాలు వెనకాల ఇరుకుదారిలో ఎదురుపడ్డాయి. మీరు ముందంటే మీరు ముందని డ్రైవర్లిద్దరూ చేతులూపుకుంటూ అక్కడే ఉండిపోయారు. ఇద్దరి ఇంజన్లూ నడుస్తూనే ఉన్నాయి. ఇద్దరి మొహాల్లోనూ చిరునవ్వు చెక్కుచెదరలేదు. ఎల్డన్ దాటుకుంటూ వెళ్ళి, ఎవరో ఒకరు వెనక్కి తీస్తే బాగుంటుందేమోనని ఇద్దరికీ వినపడీ వినపడకుండా అని, ముందుకు సాగాడు.

వాలుదారిలో మూడోవంతు దిగాడో లేదో, తోలు బూట్లు వాటి దారి అవి చూసుకున్నాయి. ఎల్డన్ గాల్లోకి లేచి, మోచెయ్యి ముందు, తుంటి తరవాత, అభిమానం ఆఖర్న, ఆ వరసలో కిందికి దిగాడు. లేవబోయాడు. కాలు ఆనించడానికి గరుకు చోటు గోరంత లేదు. సరే, కాసేపు కూర్చున్నట్టుందామని టోపీ సర్దుకున్నాడు.

మొదట వచ్చింది ప్రెసిడెంట్ లుండీనే. ఆగి, చెయ్యి ఇవ్వమంటారా అన్నాడు. అబ్బే వద్దండీ అన్నాడు ఎల్డన్. అలా కాదు, ఇవ్వనివ్వండి అన్నాడు లుండీన్. మీకెందుకు శ్రమ అన్నాడు ఎల్డన్. ఇక మూడోసారి అడగాలి, చెయ్యి అందుకోవాలి, లేవాలి. లుండీన్ మూడోసారి అడగడానికి ఒక అడుగు ముందుకేశాడు. ఆ అడుగుతోటే విశ్వవిద్యాలయం ప్రెసిడెంటు ఎల్డన్ పక్కన వచ్చి కూలబడ్డాడు. టోపీ ఒకవైపు, సంచీ ఒకవైపు దొర్లుకుంటూ పోయాయి.

ఇక్కణ్ణుంచి ఎండ బాగా తగులుతోందే అన్నాడు లుండీన్, కావాలనే కూర్చున్నట్టు. ఆకాశం బూడిదరంగులో ఉంది. బాగుందండీ అన్నాడు ఎల్డన్.

తరవాత తత్వశాస్త్రం ప్రొఫెసరు వచ్చాడు. ఇద్దర్నీ రెండేసిసార్లు అడిగాడు, రెండేసిసార్లు కాదనిపించుకున్నాడు, మూడోదానికి నోరు తెరుస్తూ పడ్డాడు. ఆయన వెనక బాస్కెట్‌బాల్ ఆడే ఆరడుగుల పిల్లలు వచ్చారు. వాళ్ళకి మర్యాద ఎక్కువ గనక అందర్నీ విడివిడిగా అడిగారు. ఆ అడగడంలోనే ఒకళ్ళ తరవాత ఒకళ్ళు చెట్లు కొట్టినట్టు వాలారు. చర్చి పాటలు పాడే బృందం సాధనకి పోతూ వచ్చింది. బృందగానంలాగే బృందంగానే పడింది. మధ్యాహ్నం దగ్గరపడేసరికి వాలుదారి నిండా జనం వరసల్లో కూర్చుని ఉన్నారు. అందరి మొహాలూ ప్రశాంతంగా ఉన్నాయి. ఎవరైనా ఒకరు కదిలితే మొత్తం సభ జానెడు కిందికి జారేది. అలా జరుగుతున్నట్టు ఎవరూ గమనించకపోవడం అక్కడి పద్ధతి.

ఎల్డన్ ప్రాణం మాత్రం బస్‌స్టాప్ మీద ఉంది. దిగువన బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు ఊరివాడు కాడు, హారన్ కొట్టాడు. ఆ మోటుతనానికి సభలో కొందరు తల దించుకున్నారు.

ఈలోగా ఎల్డన్ అక్క బెర్నీస్ వచ్చింది. గ్రంథాలయం చూసుకునేది ఆవిడే. చేతిలో కాఫీ ఫ్లాస్కూ, నిమ్మకాయ మిఠాయి ముక్కలున్న పళ్ళెమూ ఉన్నాయి. ఏటవాలుగా జారుకుంటూ వచ్చి, పళ్ళెంలో ముక్క ఒక్కటీ పడనివ్వకుండా తమ్ముడి పక్కన కూర్చుంది. పడడంలో ఆ ఊళ్ళో ఆవిడకి సాటి లేరు. పళ్ళెం చేతులు మారింది. ఆఖరి ముక్క ఎవరూ తీసుకోకూడదు గనక దాన్ని సగం చేశారు, ఆ సగాన్ని మళ్ళీ సగం చేశారు, చివరికి చీమకి పెట్టేంత పొడి మిగిలితే దాన్ని కూడా మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని వెనకవరస దాకా పంపారు.

బెర్నీస్ తమ్ముడి కాళ్ళవైపు చూసింది.

"ఒరేయ్, చర్చి బూట్లేంట్రా బుధవారం పూట?"

ఎల్డన్ గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. ఒడెట్ అడిగిందని, మూడోసారి అడగబోతోందని, తను అందుకే పోతున్నానని. చెబుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. బెర్నీస్ కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఇప్పటిదాకా ఎన్నిసార్లడిగింది?"

"రెండు."

"నువ్వేమన్నావు?"

"అనాల్సిందే అన్నానక్కా."

బెర్నీస్ నెత్తి కొట్టుకుంది. సభ జానెడు కిందికి జారింది. అప్పుడు ఆవిడ తన కోడలి సంగతి ఎత్తుకుంది. కోడలు జార్జియా పిల్ల, అదీ దక్షిణమే. కిందటి క్రిస్మస్‌కి అత్తయ్యా కాఫీ పొయ్యనా అని అడిగితే ఈవిడ అబ్బే వద్దమ్మా అంది. ఆ పిల్ల పాత్ర తీసుకెళ్ళి మిగిలిన కాఫీ అంతా సింకులో ఒంపేసి వచ్చింది. ఈవిడ ఆ సాయంత్రమంతా కాఫీ లేకుండా కూర్చుంది. ఆ పిల్ల మంచి పిల్లే, పొగరు కాదు, కోపం కాదు. వాళ్ళ లెక్కే అంత.

"వాళ్ళకి ఒకటే లెక్కరా ఎల్డన్. వద్దంటే వద్దనే. ఒకసారి వద్దన్నాక కూడా ఆవిడ మళ్ళీ వచ్చి అడిగిందంటే, సిగ్గు చంపుకుని వాళ్ళ లెక్కకంటే ఒకసారి ఎక్కువే అడిగింది. ఇంక అడగదు."

ఎల్డన్‌కి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. సోమవారాలన్నీ గుర్తొచ్చాయి. డబ్బా మూత తీసి ఆవిడ తనవైపు చూసిన చూపు, వద్దనగానే కళ్ళు దించుకుని తినడం. ఓరి దేవుడా, ఆవిడ అన్నిసార్లూ నిజంగానే వద్దన్నాననుకుంది. షెడ్డులో తొడుగులు తీసి బల్లమీద పెట్టినరోజు నిజంగానే తనని పొమ్మన్నాననుకుంది. అతను గబుక్కున లేచాడు, అంటే లేవబోయాడు. తుంటి మళ్ళీ నేలకి తగిలింది. చర్చి బృందం మొత్తం అరగజం కిందికి పోయింది.

అప్పుడు పైన ఒడెట్ కనిపించింది.

ఒక చేత్తో పెట్టె ఈడ్చుకుంటూ, కాళ్ళు ఎడంగా, పాదాలు బయటికి, అరచేయంత అడుగులేస్తూ దిగుతోంది. ఆ దారిమీద రెండు కాళ్ళ మీద నిలబడ్డ మనిషి ఆవిడొక్కతే. మొదటి వరస దగ్గరికి వచ్చి ఆగింది. విశ్వవిద్యాలయం సగం అక్కడ కూర్చుని ఉంది. అటూ ఇటూ చూసింది. ఆవిడ నుదుటి మీద ముడి, ఎల్డన్‌కి బాగా తెలిసిన ముడి, మెల్లిగా బిగుసుకుంది.

మీరంతా పడ్డారా అని అడిగింది.

లేదు లేదన్నారు అందరూ. ప్రెసిడెంట్ లుండీన్ గొంతు సవరించుకుని, ఇది ఒక చిన్న సమావేశమని, ఆరుబయట పెట్టుకున్నామని, మిమ్మల్ని పిలవాల్సింది గాని మీరు ప్రయాణంలో ఉన్నారని ఊరుకున్నామని చెప్పాడు. బాస్కెట్‌బాల్ పిల్లవాడొకడు కాలు వంకరగా పెట్టుకుని, తను వ్యాయామం చేస్తున్నానన్నాడు. అతని పెదవి వణుకుతోంది.

"ఒక్కళ్ళయినా పడ్డారా అని అడుగుతున్నాను." ఒడెట్ గొంతు పెంచలేదు. "ఒక్కళ్ళు. మూడేళ్ళలో ఒక్కళ్ళు."

అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. ఆవిడ తలూపింది, అదీ నిజమేలే అన్నట్టు. పెట్టె సర్దుకుని దిగువకి మళ్ళింది. బస్సు మళ్ళీ హారన్ కొట్టింది.

ఎల్డన్ వాళ్ళ నాన్న పడవ మునుగుతున్నా కూడా ఒడ్డున ఉన్నవాళ్ళకి చెయ్యి ఊపి ఫర్వాలేదన్న మనిషి. తాత సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వంశంలో పుట్టినవాడు ఐసు మీద కూర్చుని, ఊరందరి ముందూ, ఎవరూ మూడోసారి అడక్కుండానే నోరు తెరిచాడు.

"నేను పడ్డాను."

ఒడెట్ ఆగింది.

"ఏమన్నావు?"

"పడ్డాను. కాలు జారి పడ్డాను. లేవలేకపోతున్నాను. నొప్పిగా ఉంది."

సభలో ఊపిరి ఆగిపోయింది. బృందంలో ఒకావిడ పక్కామె కళ్ళు మూసింది. హోవ్డే గారు పరిహాసమాడుతున్నారని లుండీన్ సర్దబోయాడు గాని, ఎవరూ నవ్వకపోవడంతో తనే ఆపేశాడు. ఒడెట్ పెట్టె వదిలేసి, పెంగ్విన్ అడుగులతోనే వెనక్కి ఎక్కి వచ్చి అతని ముందు నిలబడింది. ఆవిడ కళ్ళు నిండాయి. కోపం కూడా ఉంది.

"ఈ ఒక్క మాట ఏడాది కిందట చెబితే ఈ దారికి కమ్మీ ఉండేది. నాకు ఉద్యోగం ఉండేది."

"ఉండిపో," అన్నాడు ఎల్డన్. మూడేళ్ళుగా మీరు మీరు అన్న నోరు అది. "ఉద్యోగం కోసం కాదు. నాకోసం ఉండిపో."

"ఉండను."

వరసల్లో సన్నగా ఒక నిట్టూర్పు పాకింది. అమ్మయ్య, మొదటిది అయిందన్న నిట్టూర్పు. మూడేళ్ళకి ఈ పిల్లకి మన పద్ధతి పట్టుబడిందని తత్వశాస్త్రం ప్రొఫెసరు పక్కవాడి చెవిలో అన్నాడు.

"నాకు నువ్వు కావాలి ఒడెట్. ఉండు."

"ఉండను, ఎల్డన్. ఇక్కడ ఉంటే నేను రోజూ ఎదుటివాళ్ళ కడుపులో ఏముందో ఊహించుకుంటూ బతకాలి. మూడేళ్ళు చేశాను. ఇంక నావల్ల కాదు."

రెండోది. సభంతా ముందుకి వంగింది, వంగినందుకు జానెడు జారింది. మూడోసారి అడగవయ్యా అన్నాడు లుండీన్, ఆపుకోలేక. ఊఁ కానివ్వమని బాస్కెట్‌బాల్ పిల్లలు. బెర్నీస్ ఒక్కతే తమ్ముడి మొహం చూస్తోంది.

ఎల్డన్ మూడోసారికి నోరు తెరిచి, ఒడెట్ మొహం చూశాడు. ఆ వద్దు వెనకాల వేరే మాటేమీ దాక్కుని లేదు. అది అంతవరకే. అక్కడితో ఆగిపోయింది. గోడకి తల కొట్టుకున్నట్టు తగిలింది అతనికి. తను ఈవిడకి ఇలాంటివి రెండు ఇచ్చాడు, నవ్వుతూ, పెంపకం గుర్తుంచుకుని మరీ. ఇచ్చి ఇంటికి పోయి అద్దం చూసుకున్నాడు. ఈవిడ ఎక్కడికి పోయి ఉంటుంది ఆ రాత్రి?

అతను నోరు మూసుకున్నాడు. అడగలేదు. మంచిది, అన్నాడు. సభలో అందరూ ఉసూరుమన్నారు.

ఒడెట్ దిగువకి తిరగబోయి ఆగింది. మూడోసారి అతను ఎందుకు అడగలేదో ఆవిడకి అర్థమైందని ఎల్డన్‌కి అనిపించింది. ఆ ఊరి మనిషి తన మాటని మాటగా తీసుకోవడం ఆవిడకి అదే మొదటిసారి అయి ఉండాలి. చేతి తొడుగు తీసేసి, వట్టి చెయ్యి చాపింది.

"నేను వెళ్తున్నాను. వస్తావా?"

ఎల్డన్ నాలుక అలవాటు కొద్దీ పైకి లేచింది. అబ్బే అనడానికి 'అ' దాకా వచ్చింది కూడా. ఊరు ఊరంతా ఆ 'అ' విని తృప్తిగా తలూపింది, కథ దారిలో పడిందని. దిగువన బస్సు తలుపు మూసుకుంటున్న చప్పుడు.

"వస్తాను," అన్నాడు ఎల్డన్.

ఒక్క మాటకి. మొదటిసారికే. అంతమంది పెద్దలూ పిల్లలూ చూస్తుండగా, వద్దని ఒక్కసారైనా అనకుండా. చర్చి బృందంలోంచి ఎవరో అయ్యో అన్నారు. లుండీన్ మర్యాదగా మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఒడెట్ కాళ్ళు ఇంకా ఎడంగా పెట్టి, మడమలు తన్నిపట్టి, ఒక్క గుంజు గుంజింది. ఎల్డన్ లేచాడు. కుడివైపు తుంటి విరిగినంత పని చేసింది. బూట్లు మళ్ళీ వాటి దారి చూసుకోబోయాయి గాని, ఆవిడ చెయ్యి వదల్లేదు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, పాదాలు బయటికి తిప్పి, చిన్న చిన్న అడుగులేసుకుంటూ, కూర్చున్నవాళ్ళని తప్పించుకుంటూ, దారిలో పెట్టె అందుకుని దిగారు. దాటుతున్నప్పుడు బెర్నీస్ తమ్ముడి కాలు ఒక్కసారి పట్టుకుని వదిలింది. డ్రైవరు విసుక్కుంటూ తలుపు మళ్ళీ తెరిచాడు.

బస్సు కదిలాక ఎల్డన్ కిటికీలోంచి వెనక్కి చూశాడు. వాలు మీద ఊరంతా కూర్చునే ఉంది. ఎవరో చెయ్యి ఊపారు, ఊపినందుకు మొత్తం కాస్త కిందికి వచ్చారు. హాలు వెనకాల ఇసుక బళ్ళ ఇంజన్ల చప్పుడు ఇంకా వినిపిస్తోంది. చేతిలో సామాను లేదు, జేబులో తాళాలు తప్ప ఏమీ లేవు, ఎక్కడికి పోతున్నాడో సరిగ్గా తెలీదు. భయం వేసింది. ఆ భయం కింద పిచ్చి సంతోషం.

ఒడెట్ సీట్లో అతని వైపు తిరిగి కూర్చుంది.

"ఎక్కడెక్కడ తగిలింది?" అంది.

ఎల్డన్ అలవాటుగా ఒక ఊపిరి తీశాడు. ఆవిడ అతని మొహంలోకే చూస్తూ జవాబు కోసం ఆగింది. అతను ఆ ఊపిరి వదిలేసి, కోటు చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి దగ్గర మొదలుపెట్టి ఒక్కటీ దాచకుండా చెప్పడం మొదలుపెట్టాడు.